విరిగిందా, కలవలేదా

పర్లాకిమిడి దాటి గుణుపురం పోయే రోడ్డు మీద,
కాశీనగర్ మలుపు దగ్గర క్రషర్‌లో
తూకం గుమస్తాని నేను.
లారీ బరువు తీసేసి రాయి బరువు రాస్తాను:
చీటీ ఒడియాలో, లెక్క తెలుగులో,
తిట్లు ఏది ముందొస్తే అందులో.

ఇరవై ఎంఎం, నలభై ఎంఎం, డస్టు.
నా పుస్తకంలో కొండకి ఇవే పేర్లు.
పదమూడేళ్లుగా రాస్తున్నాను,
ఇది నా పేరు కాదని కొండ ఎప్పుడూ అనలేదు.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది.
జల్లెడలు ఒక్కసారి నోరు మూసుకున్నాయి,
నా చెవుల్లో మాత్రం రాయి ఇంకా దొర్లుతూనే ఉంది.
డ్రైవర్ జోగినాయుడి కూతురు మినతి,
ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం,
సెల్లు వెలుగులో పాఠం వల్లె వేస్తోంది:
గ్రహాణు, గ్రహాణు...

"ఏటే గుంటా అది?"
"అంగారకుడికీ గురుడికీ మద్దిన తిరిగీ రాళ్లు, మావా."
"ఓ, గ్రహశకలాలు!"
"శకలం అంటే?"
"ముక్క. ఇరిగిపోయిన ముక్క."
పిల్ల పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది.
"మా బుక్కుల అణువని ఉంది మరి.
ఇరిగినాదా మావా, కలవనేదా?"

పదమూడేళ్లలో ఎవరూ నన్ను రాయి గురించి
బరువు తప్ప ఇంకోటి అడగలేదు.

ఒడియాలో చదివి తెలుగులో చెప్పింది మినతి.
సూర్యుడు పసివాడుగా ఉన్న రోజుల్లో
చుట్టూ అంతా డస్టేనట.
డస్టు డస్టుని పట్టుకొని చిప్సు,
చిప్సు చిప్సుని ఆనుకొని బండ,
బండ బండని లాక్కొని కొండ,
అచ్చం మన క్రషర్‌ని వెనక్కి తిప్పినట్టు.
అలాగే భూమి అయింది, అంగారకుడయ్యాడు.
ఆ మధ్య వీధిలో మాత్రం పని సగంలో ఆగింది.
అవతల గురుడు అప్పటికే పెద్దాడైపోయాడు.
వాడి ఈడ్పుకి రాళ్ల దారులు చెదిరి
మెల్లగా వచ్చి ఒరగాల్సినవి
జోరుగా వచ్చి గుద్దుకున్నాయి.
చాలామటుకు ఎటో కొట్టుకుపోయాయి.
మిగిలినదంతా కాటా మీద పెడితే
చంద్రుడు నూరు బస్తాలైతే ఇది మూడేనట.

గురుబలం వస్తే పెళ్లవుతుందని
మా అమ్మ నా జాతకం పట్టుకొని నరసన్నపేట దాకా తిరిగింది.
అక్కడేమో గురుబలమే సంబంధం చెడగొట్టింది!
నవ్వొచ్చింది,
నలభై ఆరేళ్లకి, కాస్త ఆలస్యంగా.

"అయితే మా తెలుగు మాట తప్పేనా?"
పేజీ తిప్పింది.
తప్పేం కాదట. వాటిలో కొన్ని బాగా పెరిగాయి,
లోపల కాగాయి, ఇనుము కరిగి నడిమికి దిగింది.
తరవాత దెబ్బ తగిలి పగిలాయి.
ఇనుప రాయి ఎక్కడైనా రాలితే
అది ఎవరిదో చల్లారిన గుండెకాయ.
"రెండూనా?" అన్నాను.
"రెండూనే" అంది, పరీక్షలో ఏది రాయాలో తేలక.

మమ్మల్నీ ఇలాగే అడుగుతారు పైనుంచి వచ్చినవాళ్లు:
అటు నుంచి తెగిపోయారా, ఇటు కలవలేకపోయారా అని.
టీ తాగిస్తాను. జవాబు చెప్పను.

తలగుడ్డ దులుపుకుంటూ బినోదిని గమాంగో
అంతా వింటోంది కాబోలు, మా ఇద్దరి భాషల్లోనూ.
"ఈ కొండకీ ఉందొక పేరు" అంది.
సవరలో చెప్పింది.
మాట మధ్యలో గొంతు ఒకసారి టక్కున ఆగింది.
చీటీ వెనక రాసుకుందామని పెన్ను తీశాను.
ఆ ఆగడానికి నా తెలుగులో అక్షరం లేదు.
మినతి తన ఒడియాలో వెతికింది. అందులోనూ లేదు.
"మళ్లీ చెప్పు" అన్నాం.
మళ్లీ చెప్పింది.

అంతలో కరెంటొచ్చింది.
దవడలు కదిలాయి. లారీ కాటా ఎక్కి హారన్ కొట్టింది.
పదహారు టన్నుల నాలుగొందలు.
సరుకు: నలభై ఎంఎం.

డస్టు లేచి మినతి పుస్తకం మీద,
గురుడి బొమ్మకి ఇవతల, వాలింది.
ఉఫ్ అని ఊదింది.
కొంత లేచింది,
కొంత లేవలేదు.